నాలుగు సిస్టముల మీద మీర్‌పేట్ వరద

ఆ రోజుల్లో "పీహెచ్‌డీ ఎంతవరకు వచ్చింది?" అని ఎవరైనా అడిగితే చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చేది నాకు. అడగనివాళ్లు లేరు. చైతన్యపురిలో మా కింది వాటాలో లేడీస్ హాస్టల్ నడిపే ఆంటీ అడిగేది. కొత్తపేట రైతుబజార్లో బెండకాయలు ఏరుకుంటుంటే ఎదురుపడ్డ పాత స్టూడెంట్లు అడిగేవారు. మా అమ్మయితే ఫోన్ ఎత్తగానే, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా "అయిందా బిడ్డా?" అనేది. కాలేదే అమ్మా, కాలేదు, కాదు కూడా అని అరిచి ఫోన్ పెట్టేసి, తర్వాత కూర్చుని ఏడ్చేదాన్ని.

అడిగినవాళ్ల తప్పేమీ లేదు, నా పరిస్థితే అలా తగలడింది. ఎల్బీనగర్ దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. నా పీహెచ్‌డీ గడువు ఒకసారి పొడిగించారు. బతిమాలితే మళ్లీ పొడిగించారు. ఇక పొడిగించేది లేదని తేల్చి చెప్పారు. ఆ వానాకాలంలో కమిటీ వచ్చి, నా ప్రోగ్రాం తమ కళ్ల ముందు నడవడం చూసి, సరేనంటేనే నేను థీసిస్ సమర్పించాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డాక్టరేట్ లేనివాళ్లను వచ్చే ఏడాది ఉంచుకోబోమని మేనేజ్‌మెంట్ కూడా అప్పటికే చెప్పేసింది. అంటే చదువు పోతుంది, దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది. నలభైకి దగ్గరపడ్డ మనిషికి కొత్తగా ఎవరిస్తారు కొలువు?

నా పని వరదల మీద. పెళ్లయిన కొత్తలో మేం మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఒక పెద్ద వానకు చెరువు నీళ్లు గల్లీలోకి, గల్లీలోంచి మా హాల్లోకి వచ్చాయి. గ్యాస్ సిలిండర్‌ను మంచం మీదికెక్కించి, దాని పక్కన మేమిద్దరం కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. పక్క గల్లీ మాత్రం పొడిగా ఉంది! మా గల్లీయే ఏం పాపం చేసిందన్న కసితో ఈ టాపిక్ తీసుకున్నాను. ప్రోగ్రాం చేసేది చెప్పడానికి తేలికే. కాలనీల మ్యాపును చిన్న చిన్న గళ్లుగా కోసి, వాటి మీద వాన కురిపించి, ఏ గడిలో నీళ్లు ఏ గడిలోకి పారతాయో లెక్కగడుతూ పోతుంది. కాకపోతే గళ్లు లక్షల్లో ఉండేసరికి ఒక్క కంప్యూటర్ మీద అది నత్తలా నడిచేది. "పనిని నాలుగు సిస్టముల మీద పంచి నడిపి చూపించండి" అని కమిటీ కిందటిసారే రాసి వెళ్లింది.

మ్యాపును నాలుగు ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇవ్వాలి. హద్దుల దగ్గర, నా నీళ్లు నీ వైపు వస్తున్నాయి చూసుకో అని ఒకటి ఇంకోదానికి కబురు పంపాలి. ఆ కబుర్లు మోయడానికి లైబ్రరీ అని, ఎవరో ముందే రాసిపెట్టిన ఒక ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని నాలుగింటిలోనూ ఎక్కించడమే మిగిలిన పని. నా గైడ్‌ది గుంటూరు వైపు. ఆయనకు ప్రపంచంలో అన్నీ బ్రహ్మాండంగానే కనిపిస్తాయి. "ల్యాబులో ఉన్న నాలుగు సిస్టమ్స్ కలుపుకోమ్మా, రెండ్రోజుల పని. బ్రహ్మాండంగా అవుద్ది," అన్నారు. నేనూ నమ్మాను, నా బొంద.

ల్యాబ్ అంటే మా ల్యాబ్ ఇన్‌చార్జి సార్ రాజ్యం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఎల్బీనగర్ పక్క పాత ఊరి రైతు కుటుంబం వాళ్లది. ఆయన ల్యాబులోకి ఎవరు వచ్చినా చెప్పులు బయట విడవాలి, ఫోన్ తలుపు దగ్గర ప్లాస్టిక్ ట్రేలో పెట్టాలి. ప్రిన్సిపాల్ వచ్చినా అంతే. ఆయన పాఠం చెప్పిన పిల్లలు ఈ కాలేజీలోనే ఆయనకు హెడ్లయ్యారు, ఆయన కాలేదు. ఎప్పుడో పీహెచ్‌డీ మొదలుపెట్టాడనీ, గడువు దాటిపోయి రద్దయిందనీ స్టాఫ్ రూములో అనుకునేవారు. ఆయన మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నేను వెళ్లి అడిగితే కిటికీ పక్కనున్న తన మెయిన్ సిస్టం ఇచ్చాడు. "మంచిగ జూసుకో అమ్మా. ఖరాబు జేస్తివా, పోరగాళ్ల ప్రాక్టికల్స్ ఆగిపోతయ్," అన్నాడు. మిగతా మూడూ పై అంతస్తులో మూసేసిన ల్యాబు నుంచి దింపించుకున్నాను.

ఇక మొదలైంది నా గ్రహచారం. క్లాసులయ్యాక, కాలేజీ బస్సు బయల్దేరేలోపు దొరికే కొద్ది సమయంలోనూ, సెలవు రోజుల్లోనూ అక్కడే పడి ఉండేదాన్ని. లైబ్రరీ ఎక్కించాను. ఎక్కిందని చెప్పింది. ప్రోగ్రాం నడపమంటే, ఫలానా ఫైలు లేదు పొమ్మంది. ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైలు అక్కడే ఉంది, నా ఎదురుగా! ఉంది కదే దిక్కుమాలినదానా అని స్క్రీన్ మీదికి వేలు పెట్టి చూపించాను. కంప్యూటర్‌కు వేలు చూపిస్తే ఏం లాభం? ఆ ఫైలు కోసం ఎక్కడ వెతకాలో దానికి విడిగా చెప్పాలట. నాలుగు సిస్టములకూ విడివిడిగా చెప్పాలట. ఆ సంగతి తెలుసుకునేసరికి నాకు జ్వరం వచ్చినంత పనైంది.

అది సర్దుకున్నాక ఇంకోటి. నాలుగు సిస్టములూ నడిచాయి. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. సంబరపడిపోయి గైడ్‌కు మెసేజ్ కూడా పెట్టాను. తీరా చూస్తే ఏ సిస్టంకి ఆ సిస్టం "ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే" అని రాసుకుని, పనంతా నాలుగూ విడివిడిగా మొదటి నుంచి చేసుకుంటున్నాయి. కబుర్లు లేవు, హద్దులు లేవు. మీర్‌పేట్ నాలుగుసార్లు మునిగింది. ప్రోగ్రాంను ఒక వెర్షన్ లైబ్రరీతో తయారుచేసి, ఇంకో పాత వెర్షన్‌తో నడుపుతున్నానని తర్వాత తెలిసింది. ఆ పాతది పై ల్యాబులో ఎప్పుడో ఎవరో ఎక్కించి వదిలేసి పోయారు. ఆ మహానుభావుడెవరో దొరికితే రెండు తగిలించేదాన్ని. పాతదంతా పీకేసి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను.

ఈలోగా కమిటీ తేదీ ఖరారైంది. సరిగ్గా అప్పుడు తగులుకుంది అసలు దెయ్యం. సిస్టములు ఒకదానికొకటి పలకరించుకోగానే మెయిన్ సిస్టం మిగతా మూడింటినీ, ఆ మూడూ మెయిన్ సిస్టంనీ నమ్మడం మానేశాయి. గుర్తింపు చెల్లదు. అంతే, అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు. ఒక సిస్టం కబురు పంపేటప్పుడు దాని వెంట రహస్యంగా ఒక గుర్తింపు చీటీ పంపుతుంది. అవతలిది ఆ చీటీ సరైనదని ఒప్పుకుంటేనే మాట్లాడుతుంది. చీటీ మీద ముద్ర వేసే తాళం, అంటే ఒక రహస్య ఫైలు, నాలుగింటిలోనూ ఒకటే ఉండాలి. ఉంది. అయినా మళ్లీ కొత్త తాళం చేసి నాలుగింటిలోనూ పెట్టాను. చెల్లదు. ఇంకోసారి చేశాను. చెల్లదు. వైర్లు మార్చాను, స్విచ్ మార్చాను, నాలుగింటిలోంచీ లైబ్రరీని తుడిచేసి మళ్లీ ఎక్కించాను. దిల్‌సుఖ్‌నగర్‌లో బాబా గుడికి కూడా వెళ్లొచ్చాను, దాపరికం ఎందుకు. చెల్లదు గాక చెల్లదు.

నాకు నిద్ర పట్టేది కాదు. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేదాన్ని. మా ఆయన పెరుగన్నం కలిపి చేతికిచ్చి, "పోతే పోయిందిలే, ఏదో ఒకటి చూసుకుందాం," అన్నాడు. మంచికే అన్నాడు పాపం. నేను గిన్నె నెట్టేసి, పోతే పోయేది నీది కాదు కదా, నా సగం జీవితం అని అరిచాను. గైడ్‌కు ఫోన్ చేస్తే, "కంగారు పడమాకమ్మా, చిన్నదేదో అయ్యుంటుంది," అన్నారు. చిన్నదేదో ఏమిటో చెప్పి చావరాదా అని నోటి దాకా వచ్చింది, మింగేశాను. మెట్రోలో కిటికీకి తల ఆనించుకుని, ఇప్పుడే మేనేజ్‌మెంటుకు రాజీనామా ఇచ్చేస్తే కమిటీ ముందు పరువైనా దక్కుతుంది కదా అని ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను.

ఆ ఆదివారం అమ్మ పోరు పడలేక కొత్తపేటలో వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. మాది పోచంపల్లి పక్క మగ్గాల ఊరు. నాన్న మగ్గం వదిలి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు. నేను కంచం ముందు కూర్చున్నానే గానీ ముద్ద దిగడం లేదు. నాన్న గోడ గడియారం చూసి, "రెండు కొడ్తున్నది, దుకాన్ల పిల్లగాడు ఇంక అన్నానికి రాలే. ఏం చేస్తుండు ఆడ?" అని దుకాణంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు. "ఇంకా రెండు కాలే నాయనా!" అని తమ్ముడు ఫోన్లోంచి అరవడం నాకు వినబడింది. "నీ ఫోన్ల టైం దప్పుంది, మా గడియారం జూడు," అని నాన్న. "నువ్వే గద దాన్ని ముందలికి పెట్టినవ్," అని అమ్మ వంటింట్లోంచి.

"ముందలికి పెడితేనే గద యాళ్లకు పోతం," అన్నాడు నాన్న.

నేను ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

మా ల్యాబులో గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. మెయిన్ సిస్టం కూడా అంతే. పిల్లలు రికార్డులు తొందరగా ముగించి బస్సు అందుకోవాలని సార్ ఏళ్ల క్రితమే అలా పెట్టాడు. ఇంటర్నెట్ నుంచి టైం సరిచేసుకునే ఏర్పాటు కూడా ఆపేయించాడు. నేను పై నుంచి దింపిన మూడు సిస్టములు మాత్రం సరైన టైంలోనే ఉన్నాయి. గుర్తింపు చీటీ మీద అది రాసిన సమయం కూడా ఉంటుంది. మెయిన్ సిస్టం పంపిన చీటీ మిగతావాటికి ఇంకా రాని సమయంలో రాసినట్టు కనిపిస్తుంది, వాటి చీటీలు దీనికి చెల్లిపోయిన పాత చీటీల్లా కనిపిస్తాయి. దొంగ చీటీ అనుకుని బయటికి నెట్టక ఏం చేస్తాయి! ప్రోగ్రాం తయారుచేసినప్పుడల్లా, ఈ ఫైలు రాబోయే సమయంలో తయారైనట్టుందని ఒక హెచ్చరిక కూడా వచ్చేది. హెచ్చరికలను ఎవరు చదువుతారు?

ఇంకెవరైనా అయితే మొదటి రోజే ఆ టైం చూసి, ఇదేమిటని అడిగేవారు. నేను రోజూ చూశాను. స్క్రీన్ మూలన ఉన్న టైంలోంచి పది నిమిషాలు మనసులోనే తీసేసుకుని, బస్సుకు ఇంకా టైం ఉందిలే అనుకుంటూ పని చేశాను. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో సరైన టైం చూపించే గడియారం ఒక్కటీ లేదు మరి. ముందున్న గడియారం నాకు తప్పుగానే కనిపించలేదు.

సోమవారం పొద్దున్నే సార్ దగ్గరికి వెళ్లి, మెయిన్ సిస్టం టైం కొంచెం ముందున్నట్టుంది, మార్చుకోవచ్చా సార్ అని నెమ్మదిగా అడిగాను. ఆయన నా వైపు కూడా చూడలేదు.

"కరెక్టే ఉన్నది."

"పది నిమిషాలు ముందుంది సార్."

"నేను జెప్తున్న గద, కరెక్టే ఉన్నదని. ఇరవై ఏండ్ల సంది పోరగాళ్లు గూడ గదే అంటున్నరు. గడియారం ముందలికి లేదు, మీరే లేటు."

పిల్లలు అడిగినప్పుడల్లా చెప్పే జవాబే అది. ఒక్కసారి ఒప్పుకుంటే పిల్లలంతా పది నిమిషాలు తీసేసి లెక్క వేసుకుంటారని ఆయన భయం. ఎప్పటి నుంచో అందరూ అలాగే వేసుకుంటున్నారని ఆయనకు ఎవరు చెప్పాలి? నేనింక వాదించలేదు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు సిస్టం టైం సరిచేసి ప్రోగ్రాం నడిపాను. నాలుగూ నోరు విప్పాయి. స్క్రీన్ మీద నీలం రంగు నీళ్లు ఒక ముక్క దాటి ఇంకో ముక్కలోకి పారుతుంటే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

కమిటీ వచ్చిన రోజు వాన. కమిటీకి పెద్ద ఒక పరీక్షకుడు. ఆయన ఇంకో యూనివర్సిటీ నుంచి వచ్చారు, వేరే కాలేజీలో కూడా పని ఉందనీ, పదకొండున్నరకల్లా బయల్దేరతాననీ ముందే చెప్పారు. మా సార్ ఆయన చేత కూడా చెప్పులు విడిపించి, ఫోన్ ట్రేలో పెట్టించాడు. తలుపు దగ్గర ఫైనలియర్ పిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు. నేను స్లైడ్లు చూపించి, మాట్లాడాల్సిందంతా మాట్లాడాను. గైడ్ తల ఊపుతూ కూర్చున్నారు. అప్పుడు, "ఇక ప్రోగ్రాం నడిపి చూపిస్తాను సార్," అని బటన్ నొక్కాను.

గుర్తింపు చెల్లదు.

మళ్లీ నొక్కాను. చెల్లదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. నిన్నటి దాకా నడిచింది సార్, ఒక్క నిమిషం సార్ అంటూ ఉంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. గైడ్ లేచొచ్చి నా వెనక నిలబడి, "నెట్‌వర్క్ అయ్యుంటుంది, చూడమ్మా," అన్నారు. వైర్లన్నీ తడిమి చూశాను. తాళం చూశాను. అన్నీ ఉన్నాయి. నిమిషాలు పోతున్నాయి. పరీక్షకుడు గోడ గడియారం చూసి కాగితాలు సర్దుకున్నారు.

"పదకొండున్నర అయ్యిందమ్మా, నేను బయల్దేరాలి. ప్రోగ్రాం నడవలేదని రాస్తాను. ఆపైన యూనివర్సిటీ ఇష్టం."

"సార్, సార్, ఒక్క అవకాశం ఇవ్వండి, చాలా కష్టపడింది," అని గైడ్ చేతులు జోడించారు. నా కోసం ఇంకో మనిషి చేతులు జోడించడం చూసి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. ముఖం తిప్పుకుంటే స్క్రీన్ మూలన టైం కనిపించింది. గోడ మీద ఎంతుందో అక్కడా అంతే ఉంది. నేను సరిచేసిన టైం లేదు. పొద్దున ల్యాబు తెరిచిన సార్, సిస్టం టైం వెనకబడిందనుకుని గడియారం ప్రకారం మళ్లీ ముందుకు జరిపాడు.

"సార్, ఆ గడియారం తప్పు!" అని అరిచాను. గట్టిగానే అరిచాను. "పది నిమిషాలు ముందుంది. ఇప్పుడు పదకొండు ఇరవయ్యే. నాకింకా టైం ఉంది సార్!"

పరీక్షకుడు నన్ను జాలిగా చూశారు. పనికాకపోతే గడియారం మీదికి తోస్తోందనుకున్నారేమో. తర్వాత మా సార్ వైపు తిరిగి మర్యాదగా అడిగారు.

"ల్యాబ్ మీదే కదండీ. ఏంటి, గడియారం ఫాస్టా?"

అయిపోయింది అనుకున్నాను. ఈ మనిషి చచ్చినా ఒప్పుకోడు. తలుపు దగ్గర పిల్లలంతా చెవులు రిక్కించుకుని ఉన్నారు. ఆయన గోడ వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఫాస్టే సార్," అన్నాడు. "పది నిమిషాలు. నేనే పెట్టిన."

పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగలేదు.

"కంప్యూటర్ల టైం గూడ పొద్దుగాల నేనే మార్చిన. ఆమె నాకు చెప్పింది, నేనే ఇనలే. ఆమె తప్పేం లేదు. జర కూసోండ్రి సార్, ఆమెకు టైం ఉన్నది."

పరీక్షకుడు కూర్చున్నారు.

నేను టైం వెనక్కి జరిపాను. నాలుగింటిలోనూ చీటీలు చూసే ఆ గుర్తింపు సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టి, బటన్ నొక్కాను. నాలుగు సిస్టముల పేర్లు వరసగా వచ్చాయి. వాన మొదలైంది. చెరువు నిండింది, కట్ట దాటింది, నీలం రంగు మీర్‌పేట్ గల్లీల్లోకి మెల్లగా దిగింది. అది ఒక ముక్క దాటి రెండో ముక్కలోకి జారినప్పుడు పరీక్షకుడు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. చివరి గడి నిండి లెక్క ముగిసే వేళకు ఆయన తల పంకించి, "బాగుంది. థీసిస్ ఇచ్చేయండి," అని సంతకం చేశారు.

కమిటీని సాగనంపడానికి గైడ్ కిందికి వెళ్లారు. పిల్లలు చెదిరిపోయారు. సార్ తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా ఫోన్ తీసి ఇచ్చాడు, అమ్మ నుంచి వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పిల్లల ముందు ఆయన మాట పోయింది, రేపటి నుంచి ఆ గడియారాన్ని ఎవరూ లెక్కచేయరు. అది నా వల్లే. ఆయన నా ముఖంలోకి చూడకుండా ఖాళీ ట్రేను బల్ల మీద పెట్టాడు.

"పో అమ్మా, ఇయ్యాలనే పోయి అన్నీ తయారు జేస్కో. ఇంకా టైం ఉన్నది గదా అని మాత్రం కూసోకు. నేను గట్లనే కూసున్న."

చెప్పులేసుకోవడం కూడా మరిచిపోయి, మెట్ల మీద కూర్చుని బోరున ఏడ్చాను.